నలభై సెకన్లు

వెర్లిన్ స్ట్రౌడ్ మా రేడియోలో ఇరవై రెండేళ్ళు పొద్దుటి కార్యక్రమం నడిపాడు. కాన్సాస్‌లో, ఎటు చూసినా గోధుమ చేలు తప్ప మరొకటి కనిపించని చోట మాది చిన్న స్టేషన్. వాషింగ్టన్‌లో ఏం జరుగుతోంది, పన్నులు ఎందుకు పెరుగుతున్నాయి, సినిమాల్లో తండ్రులందరినీ వెర్రివాళ్ళుగా ఎందుకు చూపిస్తున్నారు అని ఏడింటి నుంచి పదింటి దాకా మాట్లాడేవాడు. తను నమ్మని మాట ఒక్కటి కూడా మైకులో అనలేదు. ఆ సంగతి నేను ఎక్కడైనా చెబుతాను. నా పేరు నడీన్. అతనికి ఫోన్లు కలిపేదాన్ని, రికార్డింగులు చూసుకునేదాన్ని.

ప్రతి గురువారం హెడ్‌బర్గ్ టీచర్ ఫోన్ చేసేవారు. ఏడో తరగతిలో వెర్లిన్‌కి వ్యాకరణం చెప్పిన మనిషి. ఈ కథ జరిగేనాటికి ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు, ఒంటరిగా ఉండేవారు. వెర్లిన్ వేసే పార్టీకే ఆవిడా ఓటు వేసేవారు, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేవారు. అయినా అతను ఏమన్నా ఒప్పుకునేవారు కారు.

"వెర్లిన్, ఇవాళ 'వాళ్ళు' అని పద్దెనిమిదిసార్లు అన్నావు. వాళ్ళంటే ఎవరయ్యా? పేర్లు చెప్పు."

"టీచరు గారూ, ఇంకా నా పేపర్లు దిద్దుతూనే ఉన్నారా?"

"నువ్వు తప్పులు మానెయ్యి, నేనూ మానేస్తాను."

ఊళ్ళో జనం ఆ పావుగంట కోసం ట్రాక్టర్లు ఆపుకుని వినేవాళ్ళు. పదకొండేళ్ళు అలా సాగింది.

తరువాత స్టేషన్ చేతులు మారింది. కొత్త యజమానులు ట్రెంట్ అనే మేనేజర్ని పంపారు. చెడ్డవాడు కాదు, మర్యాదగానే ఉండేవాడు. రేడియోని నమ్ముకుంటే మూతపడతామని, రోజూ ఒక చిన్న వీడియో ఇంటర్నెట్‌లో పెట్టాలని, నలభై సెకన్లు దాటితే ఎవరూ చూడరని చెప్పాడు. ఆ పని నాకు అప్పగించాడు.

ఆ ఫిబ్రవరిలో ఏదో పెద్ద సంగీత బహుమతుల సభలో ఒక పాటగత్తె సిలువ మీద వేలాడినట్టు వేషం కట్టి పాడింది. వెర్లిన్ మనసు నిజంగానే నొచ్చుకుంది. గురువారం దాని గురించే మాట్లాడాడు. టీచర్ ఎప్పటిలాగే ఫోన్ చేశారు. వేషం తనకీ నచ్చలేదన్నారు. కానీ ఆ పిల్ల తల్లి పోయాక రాసుకున్న పాటట అది, వింటుంటే ఏడుపొచ్చిందన్నారు.

"ఇదిగో, మీలాంటి టీచర్ల వల్లే ఈ దేశం ఇలా తయారైంది" అన్నాడు వెర్లిన్.

రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆవిడ నవ్వారు. "నిన్ను తయారుచేసింది కూడా నేనే, అది మర్చిపోకు" అన్నారు. వెర్లిన్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆ నవ్వులు కలిపితే వీడియో యాభై మూడు సెకన్లు వచ్చింది. నేను ఆ రెండు క్షణాల మౌనం దగ్గర తెంచేశాను.

నాలుగు రోజుల్లో ఇరవై లక్షల మంది చూశారు. ట్రెంట్ అందరికీ డోనట్లు తెప్పించాడు. ఆవిడ ఎవరో, ఇల్లెక్కడో కనిపెట్టడం జనానికి కష్టం కాలేదు. మా ఊరి పేరు కూడా ఎన్నడూ వినని వాళ్ళు ఆవిడకి ఫోన్లు చేసి పిల్లల్ని పాడుచేశావని తిట్టారు. దేవుడు లేని మనిషివని ఉత్తరాలు రాశారు. ఎవరో వాకిట్లో చెత్త గుమ్మరించి పోయారు. మరుసటి గురువారం ఆవిడ ఫోన్ చేయలేదు. ఆ పై గురువారం కూడా చేయలేదు.

ఆ శనివారం వెర్లిన్‌తో కలిసి నేనూ టీచర్ ఇంటికి వెళ్ళాను. దారిలో, కత్తిరించింది నేనేనని చెప్పాను. అతను కారు పక్కకి తీసి ఆపాడు. "మాట నాది కదా, నడీన్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

టీచర్ గొలుసు తీయకుండా తలుపు సందులోంచి చూసి, మేమేనని తెలిశాక తెరిచారు. బాగా చిక్కిపోయారు. వెర్లిన్ టోపీ చేతిలో పట్టుకుని క్షమించమని అడిగాడు.

"నువ్వేమన్నావో నాకు తెలుసు. నవ్వుకున్నాం కూడా" అన్నారావిడ. "ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు తిట్టారు, పోనీలే అనుకున్నా. కానీ ఈ ఊళ్ళో ముగ్గురిలో ఒకరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు. మా టీచర్ అలాంటిది కాదని ఒక్కరైనా ఎక్కడైనా ఒక ముక్క రాశారా?"

నేనూ రాయలేదు.

సోమవారం వెర్లిన్ మొత్తం రికార్డింగు నవ్వులతో సహా వినిపించి, తప్పు తనదని మైకులో చెప్పాడు. వరసగా ఫోన్లు మోగాయి. ఎవరికి అమ్ముడుపోయావని ఒకడు, పిరికివాడివని ఒకడు. ఇరవై ఏళ్ళుగా వింటున్న ముసలాయన ఒకాయన, "నువ్వూ వాళ్ళలో కలిసిపోయావన్న మాట" అని పెట్టేశాడు. ఆ నెలాఖరుకి ట్రెంట్ అతన్ని కూర్చోబెట్టి, కార్యక్రమం ఇంకొకరికి ఇస్తున్నామని చెప్పాడు. వెర్లిన్ అభిప్రాయాలు మాత్రం ఏమీ మారలేదు. ఇప్పుడు పశువుల దాణా కొట్లో పనిచేస్తున్నాడు. అడిగినవాళ్ళకి అవే మాటలు చెబుతాడు, కాకపోతే మెల్లగా.

టీచర్ ఇల్లు అమ్మేసి మిన్నెసోటాలో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయారు. మరుసటి మార్చిలో గుండె ఆగిపోయిందని కబురొచ్చింది. మేమిద్దరం తొమ్మిది గంటలు ప్రయాణం చేసి అంత్యక్రియలకి వెళ్ళి, చర్చిలో చివరి వరసలో కూర్చున్నాం. అక్కడ ఆర్గన్ ఇంకెవరో వాయించారు. మా ఊరి నుంచి మూడోమనిషి రాలేదు.

ఆవిడ పోకముందు, వెనకటి వేసవిలో నేను ఆవిడకి ఒక ఉత్తరం రాశాను. ఎక్కడ తెంచానో, ఎందుకు తెంచానో అంతా రాసి క్షమించమన్నాను. జవాబు రాలేదు. అంత్యక్రియలయ్యాక మేనకోడలు మా దగ్గరికొచ్చి, అంత దూరం నుంచి వచ్చినందుకు చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పింది. ఆ ఉత్తరం ఆవిడ చదివారా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. నేను పక్కకి జరిగి వాళ్ళకి దారిచ్చాను.