కింది అంతస్తు గంట

ఇనుప జాలీ తలుపును ఎడమచేత్తో లాగి, కుడిచేత్తో మీట నొక్కాడు లిఫ్టాయన. ఇన్నేళ్ల కొలువులో అతని మోకాళ్లు స్టూలుకి అలవాటుపడి, నిలబడినా వంగే ఉంటాయి. ఏ అంతస్తు గంట మోగితే అక్కడికి పరుగెత్తాలి. బదులుకి వచ్చే మనిషి లేడు.

మూడో అంతస్తు ఆడవాళ్ల వార్డులో అతని భార్య. క్లోమం వాచింది. “స్కాన్ ఇప్పుడే వద్దు. మూడు రోజులు ఆగితేగానీ లోపల కుళ్లిందో లేదో తెలీదు,” అంది డాక్టరమ్మ. పేదవాళ్లమని వాయిదా వేస్తున్నారనుకున్నాడు. లిఫ్టులో తను రోజూ నమస్కారం పెట్టే పెద్ద డాక్టరుని బతిమాలి, చేరిన సాయంత్రమే తీయించాడు. ఫొటోలో పెద్దగా ఏమీ లేదన్నారు. ఆ ధైర్యంతోనే మర్నాడు డ్యూటీకి వచ్చేశాడు. “కాసేపు కూర్చోవయ్యా,” అని భార్య అంటే, “ఫొటో బాగుందిగా, ఇంకేం భయమే,” అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం మూడో అంతస్తులో తలుపు తీసేసరికి ఎదురుగా స్ట్రెచర్. దానిమీద ఆమె, ఎగశ్వాసతో. పక్కన డాక్టరమ్మ.

“మళ్లీ తీయాలి.”

“మొన్న ఏం లేదన్నారు గదమ్మా?”

“మొన్న కనపడదనేగా ఆగమన్నాను.”

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

లిఫ్టు కిందికి కదిలింది. భార్య కళ్లు తెరిచింది.

“మొన్న నొప్పిలో తెలీలేదు గానీ, ఇదా నీ బండి? ఇంత ఇరుకులో ఎట్టా ఉంటావయ్యా రోజంతా?”

“నువ్వు మాట్లాడకు.”

“ఇంట్లోనూ అదే మాట, ఇక్కడా అదే మాట.”

నవ్వబోయింది. పెదవులు పగిలి ఉన్నాయి. నేలకి దిగువనున్న కింది అంతస్తులో స్ట్రెచర్ స్కాన్ గదివైపు వెళ్లిపోయింది. వెనకాలే ఒక అడుగు వేశాడు. పైన రెండు గంటలు ఒకేసారి మోగాయి. “లిఫ్టులో మనిషున్నాడా, పోయాడా?” అని ఎవరో అరిచారు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత రోగులు ఎక్కారు, దిగారు. పైగంటలన్నీ మోగుతున్నాయి. కింది అంతస్తు గంట ఒక్కటే మోగలేదు.

పొద్దు వాలాక స్కాన్ గది కుర్రాడు మెట్లెక్కి వచ్చాడు.

“అన్నా, కాస్త కూర్చో.”

“పైకి తీసుకురావాలంటే గంట కొట్టకపోయావా?”

కుర్రాడు తల వంచుకున్నాడు. “శవాల గదీ కిందే గదన్నా. లిఫ్టుతో పని పడలేదు.”

అతను తలుపు మూసి మూడో అంతస్తుకి వెళ్లాడు. ఆమె మంచం మీద అప్పటికే కొత్త దుప్పటి పరిచారు. మంచినీళ్లు తాగనివ్వక, పెదవులు తడుపుకోమని ఇచ్చిన దూది ముక్క కిటికీ గట్టు మీద ఉంది, ఇంకా ఆరకుండా.