పసుపు కారిన మేడ

జగ్గయ్యపేటలో కృష్ణయ్యగారి మేడ మీద ఏళ్ల తరబడి మనుషులెవరూ కాపురం లేరు. ఏటా చేలో పండిన మిరపకాయలు అమ్ముడయ్యేదాకా అక్కడే పోసేవారు. 1958 వేసవిలో ఆయన వేరే కొట్టు కట్టించి, మేడను అద్దెకిచ్చాడు. నందిగామ నుంచి బదిలీ మీద వచ్చిన హైస్కూలు మాస్టారు వరప్రసాదరావు, ఆయన భార్య దేవమణి అందులో దిగారు.

మేడ నేలంతా చెక్కబల్లలే. మకిలి పట్టి పెనం అడుగులా నల్లగా ఉంది. ఒక మూల బల్ల పుచ్చిపోతే దానిమీద నాపరాయి కప్పారు.

"టేకు బల్లలమ్మా. మా నాన్న ఏరికోరి వేయించాడు," అన్నాడు కృష్ణయ్య తాళంచెవి ఇస్తూ.

దేవమణికి ఆ నలుపు నచ్చలేదు. సామాను సర్దడం కాగానే బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి, కొబ్బరి పీచుతో నేల తోమడం మొదలుపెట్టింది. నందిగామలో వాళ్లున్నది గచ్చునేల ఇల్లు. బల్లల సందుల్లోంచి నీళ్లు కిందికి దిగుతాయన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

కింద కృష్ణయ్య పెళ్లికి వెళ్లబోతూ ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. భుజం మీద చుక్క పడింది. ఆ వెనకే ఇంకొకటి. చూసుకుంటే తెల్లటి లాల్చీ మీద పసుపు మరకలు.

ఆయన భార్య భారతీదేవి మెట్ల దగ్గరికొచ్చి కేకేసింది. "అమ్మాయ్, మేడ మీద స్నానాలు వద్దని చెప్పా గదా. పసుపు నీళ్లన్నీ ఆయన మీద పడుతున్నయ్యి."

దేవమణి గాభరాగా దిగి వచ్చింది. "స్నానం కాదు పిన్నిగారూ, నేల కడుగుతున్నా. మా ఇంట్లో పసుపు కూరలోకి తప్ప వాడమండి."

"మరి ఈ రంగెక్కడిది?"

భారతీదేవి గిన్నె తెచ్చి, కారుతున్న చోట పెట్టింది. నాలుగు చుక్కలు పడగానే వాకిట్లోకి తీసుకెళ్లి చూసింది. నీళ్లు పసుపే. కానీ ఎండ తగిలిన అంచున నీలంగా మెరుస్తున్నాయి. ఆమె కోపం ఎటుపోయిందో పోయింది.

"మా తాతకి చక్కెర జబ్బుండేది. ఏగిస మాను చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే తాగేవాడు. ఆ నీళ్లు ఎండలో అచ్చం ఇట్టాగే ఉండేయి."

"అయితే మన నేల ఏగిసంటారా?" అంది దేవమణి.

"టేకు నేలని పట్టుకుని ఏగిసేంటి?" అంటూ కృష్ణయ్య లోపల్నుంచే విసుక్కుని, లాల్చీ మార్చుకుని పెళ్లికి వెళ్లిపోయాడు.

కానీ ఆ మాట ఆయన్ను వదల్లేదు. పెళ్లి నుంచి వచ్చాక ఒక టేకు బల్ల కొని, వడ్రంగి ఇశ్రాయేలును వెంటబెట్టుకుని మేడెక్కాడు. పుచ్చిన బల్ల తీసి టేకు బల్ల వేస్తే తగువు తీరిపోతుందని ఆయన ధీమా. ఇశ్రాయేలు పాత బల్ల మీదా టేకు బల్ల మీదా కాస్త చిత్రిక పట్టి, రెండూ పక్కపక్కన పెట్టాడు. టేకు తేనెరంగులో నూనె వాసన వేస్తోంది. పాతది ఎర్రమట్టి రంగు, నల్లటి చారలు, వాసనేమీ లేదు.

"ఇవి రెండూ ఒక జాతి కాదండి," అన్నాడు ఇశ్రాయేలు.

"ఏ జాతో చెప్పు మరి."

"ఏగిసైనా కావచ్చు, మద్ది చెక్కైనా కావచ్చు. ఖాయంగా చెప్పలేనండి."

కృష్ణయ్య రెండు చెక్కల పొట్టూ ఏరుకుని కిందికొచ్చాడు. రెండు గ్లాసుల నీళ్లలో విడివిడిగా వేసి ఎండలో పెట్టాడు. భోంచేసి ఒక కునుకు తీసి వచ్చి చూస్తే టేకు పొట్టు నీళ్లు మామూలుగానే ఉన్నాయి. రెండోది పసుపెక్కి నీలంగా మెరుస్తోంది. ఆయన గ్లాసుల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మా నాన్న టేకనే చెప్పాడే," అన్నాడు.

"గట్టి చెక్కని చెప్పాలనుకుని ఉంటాడు మామగారు. గట్టిదే గదా," అంది భారతీదేవి మెల్లగా.

ఇక అతుకు సంగతి. రెడ్డిగూడెం వైపు నుంచి కొత్త ఏగిస తెప్పించవచ్చు గానీ, పాత బల్లల మధ్య అది కొత్తగానే కనపడుద్దన్నాడు ఇశ్రాయేలు. దేవమణి గదంతా కలయజూసింది. గోడవారగా కృష్ణయ్యగారి తాతలనాటి భోషాణం ఉంది.

"బాబాయిగారూ, ఆ భోషాణం కింద నేల కూడా ఇదే చెక్క గదండీ. ఆ బల్ల ఊడదీసి ఇక్కడ వేసి, టేకు బల్ల దాని కింద వేస్తే ఎవరు చూస్తారు?"

ఇశ్రాయేలు నవ్వి, భోషాణానికి భుజం ఆనించాడు. మాస్టారూ కృష్ణయ్యా రెండో వైపు పట్టారు. అది అంగుళం కదలడానికి ముగ్గురికీ చెమటలు పట్టాయి.

అతుకు కుదిరాక నేలంతా నీళ్లు తగలకుండా పొడిగా గీకడం మొదలైంది. ఇశ్రాయేలు చిత్రిక పడుతుంటే, మాస్టారు గాజుపెంకుతో మూలలు గీకాడు. ఆడవాళ్లిద్దరూ ఉప్పు కాగితంతో రుద్దారు. అప్పటిదాకా ఎవరికీ తట్టనిది ఒకటుంది. బల్లల సందుల్లో ఏళ్లనాటి మిరప్పొడి దాగి ఉంది. గీకుతున్నకొద్దీ అది లేచింది. ముందు మాస్టారు తుమ్మాడు, తర్వాత అందరూ అందుకున్నారు. కళ్లు తుడుచుకుంటూ మెట్లమీదికి పరిగెత్తారు. పక్కింటి రత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గోడ మీదుగా తొంగి చూసింది.

"అంత ఘాటుగా మిరపకాయలు వేసి దిష్టి తీస్తున్నారు, ఎవరికమ్మా?"

"మా మేడకి," అని భారతీదేవి మళ్లీ తుమ్మింది.

పొడి అణిగాక కుంచెలతో సందులు శుభ్రం చేసుకుని, మూతులకు తడిగుడ్డలు కట్టుకుని పని ముగించారు. చివర్న అవిసె నూనె వెచ్చచేసి గుడ్డతో పట్టించారు. నూనె ఇంకేకొద్దీ చెక్కలోని ఎరుపు పైకి తేలింది. అతుకెక్కడుందో చెప్పమంది దేవమణి. కృష్ణయ్య మోకాళ్ల మీద వంగి వెతికి వెతికి ఒక బల్ల చూపించాడు. అది కాదని ఇశ్రాయేలు తల అడ్డంగా ఊపాడు.

నూనె ఆరిన వారంలో ఒక మధ్యాహ్నం కృష్ణయ్య చందర్లపాడు చేనుకెళ్లి ఆకలితో తిరిగొచ్చాడు. వంటింట్లో ఎవరూ లేరు. పైనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. మెట్లెక్కి చూస్తే, భారతీదేవీ దేవమణీ చాప కూడా లేకుండా చల్లటి నేల మీద పడుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

"అన్నం?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఇక్కడికే తెస్తా, కూర్చోండి. ముందు ఆ కాళ్లు కడుక్కు రండి," అంది భారతీదేవి లేస్తూ. "బాగా తుడుచుకుని మరీ."