గుంటల నడుమ వరిమడి

తుఫానుకు ముందు మస్తానయ్య చేతిలో ఉన్నది కోట ఊళ్ళో ఒక వడ్ల కొట్టు, సముద్రం వైపు నాలుగెకరాల వరి. చుట్టూ పొలాలన్నీ ఏనాడో రొయ్యల గుంటలైపోయాయి. లాభం వాసన పట్టే మనిషి గనుక తానూ తవ్విద్దామనుకున్నాడు. "అన్నం పెట్టే నేలకు ఉప్పునీళ్ళు తాపుతావా?" అని భార్య పిచ్చమ్మ అడ్డం పడింది.

ఇప్పుడు ఆ పైరు నీళ్ళ కిందుంది. దారులు తెగి అధికారులు పొలాలకు రాలేక, ఉపగ్రహం తీసిన రాడార్ బొమ్మలు చూసి నష్టపరిహారానికి మునిగిన వరిని రాసుకుంటున్నారు. వ్యవసాయ సహాయకురాలు వినీల సెల్‌లో ఆ బొమ్మ చూపించింది. నీళ్ళున్న చోటల్లా నలుపే.

మస్తానయ్య సెల్ మీదికి వంగి వెతికాడు. "మా మడీ గుంటల్లో కలిసిపోయిందే వినీలమ్మా! ఇదీ రొయ్యల గుంటేనని కొట్టేస్తారు."

"ఉండన్నా, వానకు ముందు తీసిందీ ఉంది." ఆ పాత బొమ్మలో నల్లటి గుంటల నడుమ ఒక్క మడి తెల్లగా మెరుస్తోంది. "గుంటయితే అప్పుడూ నల్లగానే ఉండాల. ఇది పైరే. మునిగిన వరి కింద రాస్తున్నా."

"నీ మాటే సాగుంటే ఆ తెలుపు ఎక్కడిది, వ్యాపారస్తుడా?" అని పక్కనే ఉన్న పిచ్చమ్మ నవ్వింది.

మస్తానయ్య వినీలకు దణ్ణం పెట్టాడు, మబ్బుల వెనక తిరిగే ఆ కంటికీ పెట్టాడు. ఇంటిదారిలో లెక్క చూసుకున్నాడు. పోయింది ఒక పంట. మళ్ళీ నాటుకోవడానికి సాయం అందుతుంది. ఇంట్లో తనకన్నా గట్టి బేరగత్తె ఉందని తెలిసింది, అదే అసలు లాభం.