గోడవార తుంగ

భార్య పెరటి గోడవార నాటిన తుంగ నడుమెత్తు పెరిగింది. చూసి మురిసిపోవాల్సింది పోయి మేస్త్రికి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు నీళ్ళ పైపులు బిగించిన మనిషాయె! వానలు వెళ్ళి మూడు నెలలైంది, మిగతా పెరడంతా పెంకులా ఎండిపోయింది, మరి ఆ మూలకి మాత్రం తేమ ఎక్కడిది? తన పైపు కారుతుందన్న ఆలోచన ఆయనకి కలలో కూడా రాలేదు.

గోడకి అవతల తోడల్లుడి ఇల్లు. వెన్న రాసినట్టు మాట్లాడతాడు, అదే మేస్త్రికి మొదటి అనుమానం. బట్టలుతికిన నీళ్ళు గుట్టుగా ఇటు వదులుతున్నాడని తేల్చేసుకున్నాడు. గోడలో ఉన్న చిన్న తలుపు మూసేసి పీడ వదిలించుకుందామని ఇటుకలు కూడా దింపించాడు. అక్కాచెల్లెళ్ళు రోజుకి పదిసార్లు తిరిగే తలుపు అది.

తవ్వి చూస్తానంటే భార్య ఒప్పుకోలేదు. వేరు కదిపితే మొక్క చచ్చిపోతుందంది. తుంగ చావడమేమిటి, నా తలకాయ! పొలంలోంచి పీకి పారేసినా మళ్ళీ లేచే మొండిఘటం అది. ఓహో, ఈవిడా చెల్లెలి పక్షమే అనుకున్నాడు.

ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిన పొద్దున గునపం పట్టాడు. మోకాలి లోతున వేళ్ళు తెగాయి, ఘుమ్మని వాసన వచ్చింది. నీళ్ళు గోడవైపు నుంచి రావడం లేదు. తన ఇంటి పైపు అతుకులోంచి చుక్క చుక్కగా కారుతున్నాయి.

నీళ్ళు కారకుండా అతుక్కి చుట్టే జనపనారకి చివర రెండు ముళ్ళు వేయడం ఆయన అలవాటు. ఇంకే పనివాడూ వేయడు. ఇక్కడ ఒక్క ముడే ఉంది, అదీ వదులుగా. రెండేళ్ళ కిందట బిగించిన ఆఖరి అతుకు అది. ఆరోజే చెయ్యి వణికింది. విసుగొచ్చిందని అబద్ధమాడి పని మానేశాడు.

గోడలోని చిన్న తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నెల తిరక్కుండానే తెలిసింది. చెబితే ఆ చేతులే చూసుకుంటూ కూర్చుంటారు. తుంగైతే నీళ్ళు తాగేస్తుంది, తడి ఎవరికీ కనబడదని పెట్టాను."

"అవతలాయనకి తెలుసా?"

"కాలవలోంచి మొక్క తెచ్చిచ్చింది మరిదే."

మేస్త్రికి సిగ్గుతో మొహం చెల్లలేదు. దింపించిన ఇటుకల మీదే కూలబడ్డాడు. తర్వాత లేచి, ఆ చిన్న తలుపు దాకా వెళ్ళి తోడల్లుణ్ణి పిలిచాడు.

"తమ్ముడూ, ఒకసారి ఇటు రా. నారెలా చుట్టాలో నేను చెబుతాను. రెండో ముడి నువ్వు వెయ్యాలి."