అంచు మీది ముళ్ల గుర్తులు

ఫోను మీద ఒక్కసారి వేలు పెడితే మూడో రోజుకు చీర గుమ్మంలోకి వస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ చీర మంచిదో చెడ్డదో తేల్చింది ఎవరని మనం ఎప్పుడైనా అడిగామా? కర్నూలు శివారులోని ఒక గోదాములో నిరుడుదాకా ఆ పని పదకొండుమంది ఆడవాళ్లు చేసేవారు. ఇప్పుడు బల్లపైన బిగించిన కెమెరా చేస్తోంది. కింద చీర జారుతుంటే రెప్పపాటులో చూసి, ఆకుపచ్చ దీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. ఎర్రదీపం వెలిగినవాటికి స్టిక్కరు అంటించడానికి మాత్రం వాళ్లలో శివలీల ఒక్కదాన్నే ఉంచారు. స్టిక్కరు పడ్డ చీరలను డ్రైవరు లేని బండి నేల మీది పసుపు గీత వెంట వాపసు గదికి మోసుకుపోతుంది.

శివలీల కోడుమూరు నేతగాళ్ల ఇంటి ఆడపడుచు. పెళ్లయి పట్నం వచ్చినా ఆమె వేళ్లు మగ్గాన్ని మరిచిపోలేదు. ఆ సోమవారం వచ్చిన నలభై రెండు చీరలూ కోడుమూరు చేనేత సంఘానివే. ముప్పై ఏళ్లుగా మగ్గం మీదున్న అన్న హనుమన్న నేసినవీ వాటిలో ఉన్నాయి. అన్నిటికీ ఎర్రదీపమే వెలిగింది. సంఘం సరుకు ఇప్పటికే రెండుసార్లు వాపసు పోయింది. మూడోసారీ పోతే కంపెనీ ఇక కొనదు, ఊళ్లో మగ్గాలు ఆగిపోతాయి.

యంత్రం తాను పట్టిన తప్పును తెరమీద చుట్టి చూపిస్తోంది: అంచు పొడుగునా సన్నటి బొక్కలు. చూడగానే శివలీలకు ఒళ్లు మండింది. స్టిక్కర్లు పక్కన పెట్టి మేనేజరు ఉమామహేశ్వరను పిలిపించింది.

“ఇవి తప్పులు కాదు సార్. బట్ట ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా బద్ద బిగిస్తారు. దాని కొసల్లో ముళ్లు అంచుకు గుచ్చుకున్న గుర్తులు. ఇవి ఉండాయంటే మనిషి చేత్తో నేసినాడని.”

మేనేజరు చెడ్డవాడు కాదు, భయస్తుడు. యంత్రం చెప్పింది తప్పు కాదని పైవాళ్లు తేల్చారనీ, దాని మాట మార్చే అధికారం తనకే లేదనీ, నోరు మూసుకుని స్టిక్కర్లు అంటించమనీ చెప్పాడు. ఆమె అంటించలేదు. ఇంకొకరి చేత అంటించి బండికెత్తించాడు.

బండి కదిలింది. శివలీల పోయి పసుపు గీత మీద నిలబడింది. మనుషులకు తగలకూడదని చేసిన బండి కాబట్టి మూరెడు దూరంలో ఆగి కీచుమంటూ ఉండిపోయింది. దాని వెనక ఇంకో ఆరు బండ్లు ఆగాయి. చూస్తుండగానే గోదామంతా పని నిలిచిపోయింది. ఉద్యోగం ఊడుతుందని మేనేజరు హెచ్చరించాడు.

“ఊడితే ఊడనీ సార్. ఈ కెమెరా మంచిదన్న చేనేత చీర ఒకటి తీసకరా. దానికి ముళ్ల గుర్తులు యాడుండాయో చూపీ. చూపిస్తే నేనే తప్పుకుంటా.”

తెచ్చారు. చేనేత అని చీటీ కట్టి ఉంది. అంచు చూస్తే నున్నగా, ఒక్క గుర్తూ లేకుండా ఉంది. మరమగ్గం మీద నేసిన చీరను ఆ కెమెరా చేనేత అని దీవించి పంపింది. యంత్రాల బాగోగులు చూసే ముస్తాక్ ఆ అంచు పట్టి చూసి ముందుకొచ్చాడు. ఇక దాచలేకపోయాడు.

“దీనికి చూపించి నేర్పిన బొమ్మలన్నీ మిల్లు బట్టలవే సార్. మగ్గం చీర ఇది ఎన్నడూ చూడలా.”

ఎంత అన్యాయం! ఎన్నడూ చూడనిదాన్ని చెడ్డదని చెప్పే కెమెరాను నమ్మారు, ముప్పై ఏళ్లు నేసిన చేతిని నమ్మలేదు. మేనేజరు పైవాళ్లకు ఫోను చేశాడు. వాపసు ఆగింది. వారం తిరిగేసరికి మగ్గం చీరలు చూడటానికి పాతవాళ్లలో ఇద్దరిని మళ్లీ పిలిచారు. మిగతావాళ్లు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు.

శివలీలకు మాత్రం గంటసేపు పనికి అడ్డుపడినందుకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. క్షమించమని రాసి గొడవ వదిలించుకోమన్నాడు ముస్తాక్. ఆమె పెన్ను తీసుకుని, తప్పు చేయనిదానికి క్షమాపణ ఎందుకని అడిగి, ఇలా రాసి సంతకం పెట్టింది:

“మనిషి అడ్డం నిలబడితే ఆగాలని మీ బండికి నేర్పినారు. మనిషి ‘కాదు’ అంటే వినాలని మీ కెమెరాకూ నేర్పండి. అందాక నేను అడ్డం నిలబడతానే ఉంటా.”