మేనేజరుగా పెద్దక్క?

తలుపులూ కిటికీలూ తయారుచేసే ఆ కంపెనీలో అందరికీ ఆమె పెద్దక్కే. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన ఓనరు కూడా అలాగే పిలిచేవాడు. పందొమ్మిదేళ్లుగా ఆఫీసు బరువంతా మోస్తున్నది ఆమె. మేనేజరు గదిలో ‘తాత్కాలికంగా’ ఆరేళ్ల నుంచి కూర్చున్నది మాత్రం ఓనరు బావమరిది.

ఓనరు ఏదీ ఒక పట్టాన తేల్చే మనిషి కాదు. కంప్యూటర్లో ఏ ఫైలు దాచినా పేరు చివర ఓ ప్రశ్నార్థకం తగిలించేవాడు. ‘కొత్త డిజైను?’, ‘షెడ్డు పైకప్పు రిపేరు??’. మరీ ముఖ్యమైనదైతే ముందొక నక్షత్రం. పాత కంప్యూటరు కిమ్మనకుండా అన్నీ మింగింది. బావమరిది పట్టుబట్టి కొనిపించిన కొత్త సిస్టమ్ మాత్రం మొండికేసింది. పేర్లలో ఆ గుర్తులుంటే ఫైళ్లు తీసుకోనంది. రెండువేల పైచిలుకు ఫైళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

బావమరిది మూడు రోజులు స్క్రీను వంక గుడ్లప్పగించి చూశాడు. నాలుగో రోజు, “పెద్దక్కా, మీరు కాస్త చూడండి, నాకు మీటింగుంది” అని లేచాడు. ఆ మీటింగు కింద టీ కొట్లో జరిగింది.

“పేర్లు మార్చమంటారా సార్?” పెద్దక్క ఓనరును అడిగింది.

“మాటలు ముట్టుకోకు. అక్షరం మారితే నాకు దొరకవు. ఆ గుర్తులు పీకెయ్, చాలు. సరిచేసిన పేర్ల జాబితా ఏ రోజుది ఆ రోజు అందరికీ పంపు.”

రెండో రోజు మధ్యాహ్నం ఆమెకో ఫైలు తగిలింది. ‘మేనేజరుగా పెద్దక్క?’ ఆరేళ్ల కిందటిది. తెరిస్తే ఒకే పేజీ. ఆమె పేరుతో ఉత్తర్వు, కింద సంతకం చోటు ఖాళీ. ఈ ఆరేళ్లూ బావమరిది సెలవు చీటీలు కూడా తనే రాసిపెట్టింది! లేచి వెళ్లి మంచినీళ్లు తాగింది. తర్వాత, చెప్పినట్టే, అక్షరం ముట్టుకోకుండా గుర్తొక్కటీ పీకేసింది.

సాయంత్రం జాబితా అందరికీ వెళ్లింది, అందులో ‘మేనేజరుగా పెద్దక్క’ కూడా. బావమరిది ఓనరు గదిలోకి ఊడిపడ్డాడు.

“ఏంటి బావా ఇది? నాకొక్క మాటైనా చెప్పలేదే!”

ఓనరు తెల్లమొహం వేసి పెద్దక్కను పిలిచాడు. “ఏం చేశావు?”

“మీరు చెప్పిందే సార్. మాటలు మీవే.”

ఆయన నోరు తెరిచేలోగా షెడ్డులోంచి మేస్త్రీలు గుంపుగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. “ఇన్నాళ్లకో మంచి పని చేశారు సార్!” పొగడ్త ఆయనకు కొత్త. మొహం వెలిగింది.

“నేనెప్పుడో అనుకున్నాన్లే,” అని అప్పటికప్పుడే సంతకం పెట్టేశాడు.

బావమరిది గది ఖాళీ చెయ్యడానికి మూడు అట్టపెట్టెలు పట్టాయి. రెండింటి నిండా పాత పేపర్లు, మూడోదాంట్లో దిండు. తమ్ముడికి జరిగిన అవమానానికి ఓనరు భార్య వారం రోజులు మొగుడితో మాట్లాడలేదట. ఇంట్లో ఉండలేక ఆయన ఆ వారమంతా పెందలాడే ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. షెడ్డు పైకప్పు ఆ వారంలోనే బాగుపడింది.