బానెట్‌కు తాళం

"పాత అంబాసిడర్‌కు చిక్కటి ఆయిలే పొయ్యాలె అన్నా, పల్చటిది ఆగదు" అన్నాడు ఎల్లారెడ్డి ఊళ్ళో మెకానిక్ జైసింగ్. పాత సరుకు అంటగడుతున్నాడనుకున్నాడు పర్శరాములు. కామారెడ్డి పోయి, కొత్త కార్లకు వాడే పల్చటి ఆయిల్ సీలు చూసి మరీ కొన్నాడు. తన చేత్తోనే కారులో పోశాడు.

వారానికే ఆయిల్ సగమైంది. జైసింగ్ షెడ్డు ఇంటి పక్కనే. ఇంకెవడు తీస్తాడు! బానెట్‌కు గొలుసేసి తాళం బిగించి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అయినా ఆయిల్ తగ్గింది.

పొద్దున వాకిలి ఊడుస్తూ తల్లి ఎంకవ్వ, కారు కింద ఎప్పుడూ పరిచి ఉండే గోనెపట్టా బయటికి లాగింది. నానిపోయిన పట్టాలోంచి నల్లటి ఆయిల్ ధారగా కారింది.

"నీ దొంగ గీడ పండుకున్నడు రా. దీనికెయ్యి తాళం."